స్టాగర్

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక్క ఇంగ్లీషు మాట. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడకకు వెళ్లిన బాపును మా వీధి ఇంజనీరింగ్ పిల్లవాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "అక్కా, తాత స్టాగర్ అయితుండు, ఒక్కన్నే పంపకుండ్రి" అన్నాడు. నన్ను నాలుగు తిట్టినా పడేదాన్ని కానీ, బోనాల పండుగనాడు సైతం కల్లు ముట్టని మనిషిని పట్టుకుని ఆ మాట అంటాడా? "మా బాపు తాగడు" అని కసిరి, మంచినీళ్లయినా ఇవ్వకుండా తలుపు వేశాను.

అన్నాలయ్యాక, వాడిదే తప్పని తేల్చుకోవడానికి నిఘంటువు తెరిచాను. అక్కడ తూలడమనే ఉంది, కల్లు వాసన కూడా లేదు. ఆ మాట స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలోని 'స్టాక్రా' నుంచి వచ్చిందట. దానికి మూలమైన 'స్టాకా'కు అర్థం నెట్టడం. అంటే తూలుతున్న మనిషిని ఏదో నెట్టిందన్నమాట; బాపు విషయంలో అది పోయిన వారం మార్చిన బీపీ మాత్రే అయి ఉండవచ్చు. తరువాత ఆ తూలడం కాళ్ల నుంచి మనసుకు పాకి, సందేహించడమనే అర్థం కూడా వచ్చింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అబ్రాహాము దేవుని వాగ్దానం విషయంలో 'స్టాగర్' కాలేదన్నది ఈ అర్థంలోనే. మన తూలు మాత్రం నోటికి పాకింది. తూలనాడడం, మాట తూలడం మనకే ఉన్నాయి, సాయంత్రం గుమ్మంలో ఆ పని చేసింది నేనే.

ఇంకొంచెం కిందికి వెళితే, ఒక వరుసలో కాకుండా ముందు వెనుకలుగా అమర్చడమనే అర్థం కనిపించింది. అది చదవగానే బాపు పనిచేసిన బడి మైదానం, సున్నం డబ్బా, మేకుకు కట్టిన జనుపతాడు కళ్ల ముందుకు వచ్చాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు పరుగు పందెంలో నన్ను లోపలి లేన్‌లో నిలబెట్టి, బయటి లేన్ పిల్లను ఎంతో ముందు నిలబెట్టారని ఏడుస్తూ కూర్చుంటే, బాపు పందెం ఆపి నా చేతికి టేపు కొస ఇచ్చి మలుపు పొడవునా నడిపించాడు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి బయటివాళ్లు ఎక్కువ దూరం తిరగాలని, ఆ తేడాను ముందే ఇచ్చేయడాన్నే స్టాగర్ అంటారని చెప్పాడు. పిల్లలంతా నవ్వుతున్నారు కాబట్టి నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ సున్నపు గీత ఇసుమంతైనా వంకర పోయేది కాదు.

అయినా ఆ పిల్లవాడు ఈ అర్థంలో అనలేదు కదా, నాకెందుకింత సంబరం? రేపు వాడిని పిలిచి చాయ్ ఇవ్వాలని ఉంది, ఏమని పిలవాలో తోచడం లేదు.

నిద్రపోయాడనుకున్న బాపు ఇంకా లైటెందుకని అడిగాడు. స్టాగర్ అనే మాట చూస్తున్నానన్నాను.

"రెండో లేన్‌కు 7.04 మీటర్లు," అన్నాడు కళ్లు తెరవకుండానే, "ఆ తర్వాత 7.67 చొప్పున కలుపుకుంట పోవాలె."