శుక్రవారం కొచ్చిలో దిగితే

నిన్న రాత్రే ఇల్లు చేరాం. బట్టలింకా ఉతకలేదు, ఆటోవాడి మీద కోపమూ చల్లారలేదు. చల్లారితే ఇక రాయబుద్ధి కాదని ఇప్పుడే కూర్చున్నాను.

ముందు అసలు సంగతి. కొచ్చిలోని పాత పేటలు ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి చూడాలనుకునేవాళ్లు టికెట్ కన్నా ముందు క్యాలెండర్ చూసుకోండి. మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. దానికి కూతవేటు దూరంలో ఉన్న యూదుల ప్రార్థనా మందిరం, పరదేశి సినగాగ్, శుక్రవారం, శనివారం రెండు రోజులూ సందర్శకులకు మూసే ఉంటుంది. యూదుల పండగలకీ అంతే. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు వేసేస్తారు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోనేమో ఆదివారం పొద్దున ప్రార్థనలు. మనం చూస్తే శుక్రవారం సెలవు పెట్టి, శని ఆదివారాలు కలుపుకుని బయల్దేరే జాతి. సరిగ్గా తాళాలు పడే రోజులు ఏరుకుని మరీ వెళ్తామన్నమాట. సోమవారానికీ గురువారానికీ మధ్య రెండు రోజులు ఖాళీ చేసుకోగలిగితే ఈ గొడవేదీ ఉండదు.

రైలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. టికెట్ తీసేటప్పుడు కొచ్చి అని వెతక్కండి, ఎర్నాకుళం అని చూడండి. అందులోనూ రెండున్నాయి. జంక్షన్‌ని అక్కడివాళ్లు సౌత్ అంటారు, టౌన్‌ని నార్త్ అంటారు. శబరి నార్త్‌లో ఆగుతుంది. గది మాత్రం ఫోర్ట్ కొచ్చిలోనే తీసుకోండి. ఎర్నాకుళంలో కాస్త చవకే గానీ, చూడాల్సినవన్నీ నీళ్లకి అవతలే ఉన్నాయి.

నీళ్లు దాటడానికి రెండు దారులు. హైకోర్ట్ జెట్టీ నుంచి వాటర్ మెట్రో ఉంది. 2023 ఏప్రిల్‌లో మొదలైంది, ఫోర్ట్ కొచ్చికి ఆ మరుసటి ఏడాది నుంచి నడుస్తోంది. కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన బ్యాటరీ పడవలు, లోపల ఏసీ. ఎక్కే చోటు తేలే తెప్పలా ఉంటుంది, ఆటుపోట్లకి పడవతో పాటే లేచి దిగుతుంది కాబట్టి ముసలివాళ్లు కూడా గుమ్మం దాటినట్టు దాటేస్తారు. పడవకి వందమంది, అంతే. తలలు లెక్కపెట్టి గేటు మూసేస్తారు. అందుకే సెలవు రోజుల్లో క్యూ చూస్తే నీరసం వస్తుంది. రెండోది ఎర్నాకుళం మెయిన్ జెట్టీ నుంచి ప్రభుత్వ జలరవాణా శాఖ పాత పడవ. టికెట్ పది రూపాయల లోపే, గాలి బోలెడు. నా ఓటు దానికే. ఎడమ చేతి వైపు కూర్చుంటే విల్లింగ్డన్ ఐలాండ్ కనిపిస్తుంది. అది సహజమైన దీవి కాదు. 1920లో వచ్చిన రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు పెద్ద ఓడలకి అడ్డుపడుతున్న ఇసుకమేటని తవ్వించి, లోపల రేవు లోతు చేయించాడు. ఆ తవ్విపోసిన మట్టి మీదే ఇప్పుడు ఓడరేవు ఆఫీసులున్నాయి. అసలు కొచ్చికి రేవు రాసిపెట్టింది 1341 నాటి పెరియార్ వరద అంటారు. అటు ముజిరిస్ అనే పాత రేవు పూడిపోయింది, ఇటు కొచ్చి దగ్గర ముఖద్వారం తెరుచుకుంది.

దిగగానే "కోట ఎక్కడ?" అని అడక్కండి, నవ్వుతారు. పోర్చుగీసువాళ్లు కట్టిన ఇమాన్యుయేల్ కోటని డచ్చివాళ్లు సగం తగ్గించారు, ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు. ఒడ్డున కొన్ని రాళ్లు, ఊరి పేరులో ఒక మాట మిగిలాయి.

చైనా వలలు జెట్టీ దగ్గరే. సాయంత్రం ఫొటో కోసం అందరూ సూర్యుడి వైపు తిరుగుతారు గానీ చూడాల్సింది వెనక వైపు. ఒక మనిషి పెద్ద దుంగ మీద ముందుకి నడిచాడంటే ఆ బరువుకే వల నీళ్లలోకి వాలుతుంది. కాసేపు ఉంచి నలుగురైదుగురు తాళ్లు లాగుతారు. వెనక వేర్వేరు పొడవుల తాళ్లకి తలకాయంత రాళ్లు వేలాడుతుంటాయి. వల లేచేకొద్దీ అవి ఒక్కొక్కటే దిగి చెక్కల మీద కూర్చుంటాయి, అందుకే ఏ ఎత్తులోనూ తూకం తప్పదు. మా ముందు లేచిన వలలో గుప్పెడు చిన్న చేపలు, ఒక ప్లాస్టిక్ సంచి, బోలెడు గుర్రపుడెక్క. "లాగుతారా సార్?" అని పిలుస్తారు. లాగండి, సరదాగానే ఉంటుంది. కానీ ఎంతివ్వాలో తాడు పట్టుకోకముందే అడగండి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. వలల దగ్గర నుంచి ఇవతలికి రాగానే ఆటో వచ్చి పక్కనే ఆగింది. "చర్చి, ప్యాలెస్, సినగాగ్, అన్నీ చూపిస్తా, వంద రూపాయలు" అన్నాడు. మట్టాంచేరి అక్కడికి రెండు మూడు కిలోమీటర్లు. అంత చవగ్గా ఎందుకంటున్నాడని అనుమానం రావాలి కదా, రాలేదు. ప్యాలెస్ తెరిచి ఉందా అని మా ఆవిడ అడిగింది కూడా. "ఓపెన్, ఓపెన్" అన్నాడు. ఆ రోజు శుక్రవారం.

ముందు సుగంధద్రవ్యాల దుకాణం దగ్గర ఆపాడు. "ఊరికే చూడండి, కొనక్కర్లేదు, పది నిమిషాలు." చూశాం. తరవాత అత్తరు నూనెల దుకాణం. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎనిమిది రకాలు రాశాడు. మల్లె మీద గంధం, గంధం మీద ఇంకేదో. ఆ వాసన ఆదివారం దాకా వదల్లేదు. మూడోది తివాచీలూ చీరలూ. మోకాలెత్తు లేని ముక్కాలి పీటల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. టీ చేతిలో ఉండగా లేవలేం, అదీ కిటుకు. చీర మీద చీర పరిచాడు, పదిహేను దాకా. "వద్దండీ" అన్నకొద్దీ ఇంకోటి. చివరికి నేను లేచి నిలబడ్డాక అతని మొహంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. గుమ్మం దగ్గరున్న డ్రైవర్‌తో మలయాళంలో ఏదో అన్నాడు, ఇద్దరూ మమ్మల్ని చూసి నవ్వారు. భాష రాకపోయినా ఆ నవ్వుకి అర్థం తెలియనిదెవరికి? మా ఆవిడ గ్లాసు కింద పెట్టి నా వైపు చూడకుండా బయటికి నడిచింది.

లెక్క ఏమిటంటే, మనిషిని లోపలికి తెచ్చినందుకే ఆ దుకాణాలు డ్రైవర్‌కి కమిషనో పెట్రోలు కూపనో ఇస్తాయి. మనం కొన్నా కొనకపోయినా, పది నిమిషాలు లోపల ఉంటే చాలు. కొంటే అందులో వాటా అదనం. ఆ సొమ్ము మనం కొనే వస్తువు ధరలోంచే వస్తుంది. వంద రూపాయల ఆటోలో మనం ప్రయాణికులం కాదు, సరుకు.

నాలుగో మజిలీ ప్యాలెస్. గేటుకి తాళం. "అయ్యో, ఈరోజు ఫ్రైడే" అన్నాడు, అప్పుడే గుర్తొచ్చినట్టు. సినగాగ్ సంగతీ అంతే. రెండు గంటలు పోయాయి, ఊళ్లో ఒక్క రాయి చూడలేదు. వంద ఇచ్చి దిగిపోయాం. వెనక్కి నడిచాం.

నడవడమే మేలయింది నిజానికి. ఫోర్ట్ కొచ్చిలో వలలు, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, సాంతాక్రూజ్ బసిలికా అన్నీ నడిచే దూరమే. చర్చి 1503లో చెక్కతో కట్టి, తరవాత రాతిలో కట్టింది. 1524లో ఇక్కడే చనిపోయిన వాస్కోడగామాని ఇందులోనే పూడ్చారు. పద్నాలుగేళ్లకి అస్థికలు పోర్చుగల్ పట్టుకుపోయారు, నేల మీద రాయి మాత్రం ఉంది. దాన్ని చూసి తలెత్తితే వరసగా గుడ్డ పంకాలు. తాళ్లు గోడలోంచి బయటికి పోతాయి, లాగేవాడు ఎండలో నిలబడేవాడు. నాకు గామా రాయి కన్నా ఆ తాళ్లే గుర్తున్నాయి. మట్టాంచేరికి మాత్రం ఆటో తప్పదనుకుంటే, "షాపు వద్దు, నేరుగా" అని ముందే తేల్చి మామూలు కిరాయి ఇవ్వండి. "షాపు వద్దు" అనగానే సగం మంది వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతారు.

శనివారం పొద్దున్నే ప్యాలెస్‌కి వెళ్లాం. డచ్ ప్యాలెస్ అంటారు గానీ కట్టించి రాజుకి కానుక ఇచ్చింది పోర్చుగీసువాళ్లు, డచ్చివాళ్లు బాగుచేశారు. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణమే, పుత్రకామేష్టి దగ్గర నుంచి అయోధ్యకి తిరిగి రావడం దాకా. తోలుబొమ్మలాట చూసి పెరిగిన కళ్లకి పాత్రలు గుర్తుపట్టడం పెద్ద పని కాదు. పక్కన విదేశీయులు బోర్డు చదువుకుంటుంటే నేను గోడ చదివేశాను, గొప్పకి చెప్పడం లేదు. ఫొటోలు తీయనివ్వరు.

సినగాగ్ ఆదివారం పొద్దున తెరవగానే చూశాం, తిరుగు విమానం రాత్రికి కాబట్టి సరిపోయింది. శుక్రవారం దిగి కూడా ఏదీ వదలకుండా చూసొచ్చాం, అది మాత్రం రాసుకోండి. 1568 నాటిది. చెప్పులు బయట విప్పాలి, నిక్కర్లూ చేతుల్లేని జాకెట్లూ వేసుకెళ్లకండి. నేల మీద చైనా నుంచి తెప్పించిన నీలిరంగు పలకలు, చేత్తో గీసినవి. వంగి పక్కపక్కవి రెండు పోల్చి చూడండి, చెట్టు కొమ్మ ఒకదాంట్లో వంగినట్టు ఇంకోదాంట్లో వంగదు. అందరూ పైన దీపాల వైపే చూస్తుంటారు.

ఇంకో రెండు మాటలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన. డిసెంబర్ 31 రాత్రి అక్కడ పాత ఏడాదికి గుర్తుగా పప్పాంజి అనే ముసలాడి బొమ్మని తగలబెడతారు, ఆ గుంపులో పడవ దొరకదు. హోటల్లో ఇచ్చే గులాబీ రంగు వేడినీళ్లు చూసి కంగారుపడకండి, పతిముఖం అనే చెక్క వేసి కాచినవి.

మిరియాలూ యాలకులూ కొనాలంటే ప్యాలెస్ దగ్గర నుంచి ఫోర్ట్ కొచ్చి వైపు బజార్ రోడ్డు మీద నడవండి. పాత గోదాములు, శొంఠి వాసన గుప్పుమంటుంది. అక్కడ మాకు యాలకులు డ్రైవర్ చూపించిన దుకాణం ధరలో సగానికి కాస్త ఎక్కువకి దొరికాయి. మిరియాలు కొనేముందు ఒక గ్లాసు నీళ్లడిగి నాలుగు గింజలు వేయండి. గట్టివి మునుగుతాయి, తాలువీ, కల్తీకి కలిపే బొప్పాయి గింజలూ తేలతాయి. నీళ్లివ్వడానికి విసుక్కున్న చోట కొనకండి.