బాబుకి ఐదేళ్లు దాటాక కస్టడీ కోసం కోర్టుకి వెళ్లాను

"ఐదేళ్లు దాటితే పిల్లాడు తండ్రికే" అని మా బంధువొకాయన తేల్చి చెప్పిన రోజు రాత్రంతా నాకు నిద్ర లేదు, ఎందుకంటే బాబుకి అప్పటికే ఐదేళ్ల నాలుగు నెలలు. ఆ మాట తప్పని తెలియడానికి రెండు నెలలు పట్టింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్‌లో కస్టడీ గురించి, అంటే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న దాని గురించి ఉన్నది ఇంతే: ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. నిండగానే తండ్రికి ఇచ్చేయాలని అందులో ఎక్కడా లేదు. పైగా 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ మేలు.

మొదట కలిసిన లాయర్ నా మాట పూర్తిగా వినకుండానే ఫీజు చెప్పారు, అది నా వల్ల అయ్యేది కాదు. ఆఫీసులో ఒకావిడ చెబితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాను. ఆదాయ ధృవపత్రం పట్టుకుని వెళ్తే, ఆడవాళ్లకి అది అక్కర్లేదమ్మా అన్నారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకి, పిల్లలకి ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎంతమంది ఈ విషయం తెలియక నగలు తాకట్టు పెట్టుకుంటున్నారో అనిపించింది.

అక్కడ ఇచ్చిన లాయర్ మేడమ్ నేను రాసుకెళ్లిన 14 పేజీలూ ఓపికగా చదివి, "అన్నీ మీ ఆయన మీద కోపమే రాశారు, బాబు గురించి అర పేజీ కూడా లేదు కదమ్మా" అన్నారు. నిజమే. వాడిని స్కూల్లో ఎవరు దింపుతారు, జ్వరమొస్తే ఎవరు కూర్చుంటారు, నేను ఉద్యోగానికి వెళ్తే ఎవరు చూస్తారు, ఇవన్నీ మళ్లీ రాశాం. టీకాల కార్డు, స్కూల్ డైరీ, ఫీజు రసీదులు జత చేశాం. పిటిషన్ వేయాల్సింది పెళ్లి జరిగిన ఊళ్లో కాదు, బిడ్డ మామూలుగా ఉంటున్న చోట, అదీ ఆవిడే చెప్పారు.

కోర్టులో జరిగిన కౌన్సెలింగ్‌లో, బాబుని వాళ్ల నాన్నకి చూపించనని మొండికేశాను. వాడు నాన్న ఫోన్ కోసం ఎదురుచూసేవాడని నాకు తెలుసు, అయినా ఒప్పుకోలేకపోయాను. ఆ తర్వాత జడ్జిగారు బాబుతో ఛాంబర్‌లో విడిగా మాట్లాడారు. నాన్నతో కూడా ఆడుకోవాలని ఉందన్నాడట.

కేసు తేలేదాకా ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో బాబు నా దగ్గరే, ఆదివారాలు వాళ్ల నాన్నతో. కానీ అందులో టైమ్ లేదు, ఎక్కడ అప్పగించాలో లేదు, దాంతో ప్రతి వారం గొడవే, వాడి ముందే. మళ్లీ పిటిషన్ వేసి ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు అని, అప్పగించే చోటుతో సహా రాయించుకున్నాం. ఇప్పుడు శనివారం రాత్రే వాడు తన బ్యాగు తనే సర్దుకుంటున్నాడు.