సాల్ప్ మన చుట్టం, ఫైసేలియా కాదు

తిరుపతిలో డిగ్రీ జువాలజీ చదివే పిల్లలకు సముద్రం ఎక్కువగా స్పాటర్ (ప్రాక్టికల్స్‌లో గుర్తుపట్టడానికి పెట్టే నమూనా) సీసాల్లోనే కనిపిస్తుంది. 2022లో జిల్లాలు విడదీశాక వాకాడు, సూళ్లూరుపేట తీరం మన జిల్లాలోకే వచ్చిందనుకోండి, అది వేరే మాట. ఫార్మలిన్‌లో రంగు అంతా పోయి ఫైసేలియా (తేలే తిత్తి కింద స్పర్శకాలు వేలాడే, కుట్టే సముద్రజీవి), సాల్పా (సాల్ప్, పారదర్శకమైన పీపాలాంటి సముద్రజీవి) రెండూ గంజి తరకల్లా తయారవుతాయి. 'జెల్లీ, కాలనీ' అని రాసేసి రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఫైసేలియా సైఫనోఫోర్, అంటే జూయిడ్‌లనే చిన్న జీవులు ఎన్నో కలిసి ఒకే ఒళ్లుగా బతికే కాలనీ. కుట్టే కణాలున్న జీవుల వర్గం నిడేరియాలో హైడ్రోజోవా తరగతి, అంటే హైడ్రా, ఒబీలియాల వైపు చుట్టం. సాల్ప్, డోలియోలం, పైరోసోమా ట్యూనికేట్లు, అంటే ఒంటిమీద ట్యూనిక్ అనే తొడుగున్న జీవులు. అవి మనలాంటి వెన్నెముక జీవులుండే కార్డేటా వర్గంలోకి వస్తాయి. 2006లో జన్యువుల పోలికతో తేలిందేమిటంటే, వెన్నెముక జీవులకు ఆంఫియాక్సస్ అనే చిన్న సముద్రజీవి కంటే ట్యూనికేట్లే దగ్గర. ఆంఫియాక్సస్ చేపలా ఉంటుంది కాబట్టి మొదట్లో చాలామందికి మింగుడుపడలేదు.

సీసా చేతికొస్తే ముందు కండర పట్టీలు చూడండి. పీపాకు వేసిన ఇనుప పట్టీల్లా చుట్టూ పూర్తిగా ఉంటే డోలియోలం. పొట్టవైపు తెగిపోయి ఉంటే చాలావరకు సాల్ప్. రెండింటికీ నీళ్లు లోపలికి వచ్చే ద్వారం ఒకటి, పోయే ద్వారం ఒకటి. సాల్ప్‌కు తోక ఉన్న డింభకం (పిల్ల దశ) లేదు కాబట్టి పృష్ఠవంశం (నోటోకార్డ్, వీపు పొడవునా ఉండే కడ్డీ) కోసం వెతికితే దొరకదు. గ్రసని (గొంతు భాగం) అడుగున పొడవునా ఒక గాడి ఉంటుంది, అదే ఎండోస్టైల్. మన థైరాయిడ్‌కు సమజాతమైనది, అంటే రెండూ ఒకే పూర్వీకుల అవయవం నుంచి వచ్చినవి. దేహాన్ని కప్పే ట్యూనిక్‌లో సెల్యులోజ్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు బ్యాక్టీరియా నుంచి ఎప్పుడో వచ్చి చేరిందంటారు.

సైఫనోఫోర్‌లో ఇవేవీ ఉండవు. దాని కాండాన్ని కదంబమాల అనుకోండి. మల్లె, కనకాంబరం, మరువం అదే వరసలో మళ్లీ మళ్లీ వచ్చినట్టు, కాండం పొడవునా కప్పే రేకు, తినే జూయిడ్, దానికో స్పర్శకం, బీజాల జూయిడ్ అదే వరసలో వస్తుంటాయి. ఒక్కో జట్టును కార్మిడియం అంటారు. కొత్త మొగ్గలు పైన, ఈతగంటల (కాలనీని ఈదించే గంట ఆకారపు జూయిడ్‌ల) కింద పుడతాయి. ముసలివి చివరికి జరుగుతాయి. అన్నీ ఒకే గుడ్డు నుంచి వచ్చినవే. అరటి పిలకలు తల్లిని వదలకుండా, ఒకటి తినడానికి, ఒకటి ఈదడానికి పని పంచుకున్నట్టు. ఫైసేలియాలో మాత్రం మాల లేదు, తేలే గాలి తిత్తి కింద గుత్తి ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో సైఫనోఫోర్లు మూడు గుంపులు: తేలుతిత్తి ఒక్కటే ఉంటే సిస్టోనెక్టే, తిత్తీ ఈతగంటలూ ఉంటే ఫైసోనెక్టే, గంటలు మాత్రమే ఉంటే కాలికోఫోరే. గుర్తుపెట్టుకోవడానికి బాగుంది, వంశవృక్షానికి మాత్రం సరిపోదు. 2005లో వచ్చిన అణుస్థాయి (జన్యువుల పోలికతో గీసిన) వృక్షంలో సిస్టోనెక్టే ఒక కొమ్మ, ఈతగంటలున్నవన్నీ రెండో కొమ్మ. కాలికోఫోరే ఆ ఫైసోనెక్ట్‌ల మధ్యలోంచే పుట్టి తిత్తిని పోగొట్టుకుంది. తిత్తి తాతల నాటి ఆస్తి. అది ఉన్నంత మాత్రాన ఫైసోనెక్ట్‌లన్నీ ఒక్క ఇంటివి అయిపోవు.

సాల్ప్ గొలుసు ఇంకో రకం. అందులో అన్నీ ఒకే పువ్వు, పని పంపకం లేదు. ఒంటరి సాల్ప్ లైంగికం కాకుండా మొగ్గలతో గొలుసును కంటుంది. గొలుసులోవి మొదట ఆడ, తర్వాత మగ. వాటి పిల్ల మళ్లీ ఒంటరి. ఈ తరాల మార్పును ప్రకృతి శాస్త్రవేత్త షామిసో 1819లోనే ప్రకటించాడు. పైరోసోమా ఒక కొస మూసిన గొట్టం. జూయిడ్‌లు బయటి నీళ్లు లాగి గొట్టంలోకి వదులుతాయి, ఆ ఊపుకే కాలనీ మొత్తం కదులుతుంది.

నమూనా తెచ్చేవాళ్లకు: సైఫనోఫోర్‌ను వలతో ఎత్తితే గంటలన్నీ ఊడిపోతాయి. నీళ్లతో సహా సీసాలోకి తీసుకోండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, ఆ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోసి మత్తు పెట్టాలి. తొందరపడితే కాండం ముడుచుకుంటుంది. డిఎన్ఏకు కావాలంటే ఫార్మలిన్‌కు ముందే చిన్న ముక్కను 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. తర్వాత కొన్న ఫార్మలిన్ 1 వంతు, సముద్రపు నీళ్లు 9 వంతులు. కుళాయి నీళ్లు కలిపితే ఒళ్లు పాడైపోతుంది, పూర్తిగా ఆల్కహాల్‌లో పెడితే కుంచించుకుపోతుంది. ఒడ్డున ఎండిన ఫైసేలియాను ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, దాని దంశకణాలు (కుట్టే కణాలు) అది చచ్చాక కూడా పేలుతాయి. ఇక ఊడిన గంటలు సీసా అడుగున పడుంటే పారబోయకండి. కాలికోఫోర్‌ల జాతిని పట్టేది ఎక్కువగా ఆ గంటల మీది గట్ల ఆకారంతోనే.