మా చిన్న ఆన్‌లైన్ షాపుకి కార్డు పేమెంట్లు కుదుర్చుకున్న తీరు

చేత్తో కుట్టిన నోటుబుక్కులు ఆన్‌లైన్‌లో అమ్ముదామని నేనూ మా అక్కా అనుకున్నాక, సైటు తయారు చేసుకోవడానికి పట్టిన టైమ్ కంటే కార్డు పేమెంట్లు ఎవరి ద్వారా తీసుకోవాలో తేల్చుకోవడానికి పట్టిన టైమే ఎక్కువ. ఏ కంపెనీ సైటు తెరిచినా పైనే పెద్ద అక్షరాల్లో ఒక శాతం కనిపిస్తుంది. అన్నిటికంటే తక్కువ శాతం ఉన్నవాళ్ల దగ్గర చేరిపోతే సరిపోతుందనిపిస్తుంది. కానీ మా సరుకులో మిగిలేదే కాస్త. అందులోంచి నెలనెలా ఎంత పోతుందో ముందే తెలియకుండా సంతకం పెట్టడం నాకు ఇష్టం లేదు.

మొదట ఆ శాతం ఎవరెవరికి వెళ్తుందో తెలుసుకున్నాను. కొనేవాళ్లు కార్డు నంబరు కొట్టగానే మన దగ్గర కోసుకునే ఆ ఫీజులో పెద్ద వాటా ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. దాన్ని ఇంటర్‌ఛేంజ్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ తన ఫీజు కొంత తీసుకుంటుంది. మన తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకు, లావాదేవీని నడిపించే కంపెనీ అంటే ప్రాసెసర్ తమ మార్జిన్ వేసుకుంటాయి. మొదటి రెండూ మన చేతిలో లేవు, బేరం ఆడగలిగేది చివరి దాని మీదే. ఇంటర్‌ఛేంజ్ కూడా అందరికీ ఒకేలా ఉండదు. డెబిట్ కార్డుకు తక్కువ, రివార్డులిచ్చే క్రెడిట్ కార్డుకు, కంపెనీల కార్డుకు ఎక్కువ. దేశాన్ని బట్టి కూడా మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో మామూలు వినియోగదారుల కార్డులకు 2015లో చట్టమే పరిమితి పెట్టింది, డెబిట్‌కు 0.2 శాతం, క్రెడిట్‌కు 0.3 శాతం. అంత కట్టడి లేని చోట్ల ఇది చాలా ఎక్కువే ఉంటుంది. పైగా ఆన్‌లైన్‌లో కార్డు మన ఎదుట ఉండదు, మోసానికి అవకాశం ఎక్కువ కాబట్టి కౌంటర్ దగ్గర గీకే కార్డు కంటే రేటు ఎక్కువే పడుతుంది. కౌంటర్ రేటు చూపించి ఆన్‌లైన్ షాపులను పిలిచే కంపెనీలున్నాయి, అందుకే ఏ రేటు చూసినా అది ఆన్‌లైన్‌దేనా అని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను.

రేట్లు చెప్పే పద్ధతులు నాకు మూడు కనిపించాయి. ఏ కార్డయినా ఒకటే రేటు అనేది ఒకటి. ఇంటర్‌ఛేంజ్ ఎంత పడితే అంత, దానిమీద మా మార్జిన్ ఇంత అని విడిగా చూపించేది రెండోది. మూడోది కార్డులను రెండు మూడు తరగతులుగా విడగొట్టి తరగతికో రేటు వేసేది. ఈ మూడోదాన్ని నేను వెంటనే పక్కన పెట్టేశాను. ఏ కార్డు ఏ తరగతిలో పడుతుందో నిర్ణయించేది వాళ్లే, ప్రకటనలో కనిపించేది మాత్రం అన్నిటికంటే తక్కువ తరగతి రేటు. బిల్లు వచ్చినా అది సరిగ్గా ఉందో లేదో మనం సరిచూసుకోలేం. చిన్న షాపు ఏదీ ఆ జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

మిగిలిన వాళ్లందరినీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాం. అసలు సంగతి అక్కడే బయటపడింది. మాకు వచ్చే ఆర్డర్లలో ఎక్కువ భాగం ఒక్క నోటుబుక్కువి, అంటే చిన్న ఆర్డర్లు. చాలా కంపెనీలు శాతంతో పాటు ప్రతి లావాదేవీకీ ఇంత అని ఒక స్థిరమైన మొత్తం కూడా తీసుకుంటాయి. లెక్క తేలిగ్గా ఉండాలని రౌండ్ ఫిగర్లలో చెబుతాను. ఒక కంపెనీ 3 శాతం తీసుకుని ఇంకేమీ అడగదు అనుకోండి. ఇంకో కంపెనీ 2 శాతమే తీసుకుంటుంది, కానీ ఆర్డరుకు 3 చొప్పున అదనం. 1000 విలువైన ఆర్డరుకు మొదటి కంపెనీ 30 తీసుకుంటే రెండోది 23తో సరిపెడుతుంది. 300 దగ్గర ఇద్దరికీ 9 పడుతుంది. అదే 100 ఆర్డరుకు మొదటి కంపెనీకి 3, రెండో కంపెనీకి 5 కట్టాలి. 2 శాతం అని రాసి ఉన్నది మా షాపు దగ్గరికి వచ్చేసరికి 5 శాతం అయి కూర్చుంది.

నెలవారీ ఫీజు సంగతీ ఇంతే. 1.5 శాతమే తీసుకుని నెలకు 600 అడిగే కంపెనీ, ఫీజేమీ లేకుండా 3 శాతం తీసుకునే కంపెనీ కంటే చవక కావాలంటే నెల అమ్మకాలు 40,000 దాటాలి. అమ్మకాలు లేని నెల కూడా ఆ 600 కట్టాల్సిందే. నెల మొత్తం అమ్మకాలు ఒక గడిలో, పోయిన ఫీజులన్నీ కలిపి ఇంకో గడిలో వేసి, రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చే శాతమే అసలు రేటు. అక్క ప్రతి కంపెనీకీ మా పాత ఆర్డర్ల జాబితానే వేసి ఈ రేటు తీసింది. వరుస మొత్తం తలకిందులైంది, ప్రకటనలో చవకగా కనిపించినవి కిందికి దిగిపోయాయి.

ఇక ఫీజుల పేజీలో చిన్న అక్షరాలు. వాపసు ఇచ్చినప్పుడు మనం మొదట కట్టిన ఫీజు తిరిగి వస్తుందా అన్నది చాలామంది అడగరు. చాలా చోట్ల రాదు. అంటే సరుకూ అమ్ముడుపోలేదు, ఫీజూ పోయింది. విదేశీ కార్డుకు అదనపు శాతం, కరెన్సీ మార్పిడికి ఇంకో శాతం, అమ్మకాలు తక్కువైతే కనీస ఫీజు, ఇవన్నీ షీటులో విడివిడి గడులయ్యాయి. ఒక కంపెనీ సేల్స్ వాళ్లు ఫోన్ చేసి ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"మేడమ్, మీకు స్పెషల్ రేటు ఇస్తున్నాం, ఈ వారంలోనే చేరాలి."

"సంతోషమండీ. మధ్యలో మానేస్తే ఏమైనా కట్టాలా?"

"అగ్రిమెంటు మూడేళ్లకుంటుంది మేడమ్. కానీ ఎవరూ మానరు."

మానితే ఎంత కట్టాలో మెయిల్‌లో రాసి పంపమన్నాను. మళ్లీ మళ్లీ అడిగినా ఆ ఒక్క ముక్క రాసి పంపలేదు. అడిగిన ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వని వాళ్ల దగ్గర మన డబ్బు పెట్టకూడదు. ఆ కంపెనీ గడిని అక్కడే కొట్టేశాం.

డబ్బు మన ఖాతాలోకి ఎప్పుడు పడుతుందన్నది కూడా ఖర్చులోకే వస్తుంది. మేం కాగితం, అట్టలు ముందే డబ్బిచ్చి కొనాలి. రెండు పనిదినాల్లో పడే డబ్బుకీ వారానికోసారి పడే డబ్బుకీ మాకు చాలా తేడా ఉంది. కొందరు కొత్త షాపుల అమ్మకాల్లో కొంత శాతాన్ని కొన్ని నెలల పాటు తమ దగ్గరే ఆపుకుంటారు, రిజర్వు అంటారు దాన్ని. చార్జ్‌బ్యాక్, అంటే కొన్నవాళ్లు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాక్కోవడం, వస్తే నష్టం రాకుండా వాళ్ల జాగ్రత్త అది, తప్పు పట్టను. కానీ ఆ షరతు ఉందో లేదో, ఏ పరిస్థితిలో పెడతారో ముందే తెలియాలి.

చార్జ్‌బ్యాక్ పేరు వింటేనే నాకు టెన్షన్. కొన్నవాళ్లు నేరుగా తమ బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకోవడం ఇది. సాధారణంగా 120 రోజుల దాకా గడువుంటుంది కాబట్టి ఆర్డరు మర్చిపోయాక కూడా వచ్చి పడుతుంది. ఆర్డరు డబ్బు పోతుంది, దానిమీద విడిగా ఫీజు, కొందరైతే వాదనలో మనమే గెలిచినా ఆ ఫీజు తిరిగివ్వరు. చిన్న ఆర్డరైతే సరుకు ధర కంటే ఆ ఫీజే ఎక్కువ కావచ్చు. ఇక్కడ నాకు బాగా ఉపయోగపడిన సంగతి ఒకటుంది. కొనేవాళ్ల కార్డు స్టేట్‌మెంట్లో మన పేరు ఎలా కనిపిస్తుందో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. రిజిస్టర్ చేసుకున్న సంస్థ పేరు అలాగే వదిలేస్తే, ఎవరిదో తెలియక మంచివాళ్లు కూడా ఫిర్యాదు చేస్తారు. మేం షాపు పేరే పెట్టాం. కొనేవాళ్ల బ్యాంకు ఓటీపీ గానీ యాప్‌లో అనుమతి గానీ అడిగే త్రీడీ సెక్యూర్ ఉన్న కంపెనీలనే చూశాం. అలా ధ్రువీకరణ అయిన లావాదేవీలో తర్వాత దొంగ కార్డని తేలితే ఆ నష్టం సాధారణంగా కార్డిచ్చిన బ్యాంకు మీదికి వెళ్తుంది. సరుకు అందలేదన్న ఫిర్యాదుకు మాత్రం అది అడ్డురాదు, దానికి కొరియర్ రసీదులు దాచుకోవాల్సిందే.

భద్రత విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. కార్డు నంబరు కొట్టే పేజీ ప్రాసెసర్‌దే అయ్యుండాలి, మా సర్వర్‌కు ఆ నంబరు రానే కూడదు అనుకున్నాం. కార్డు వివరాల భద్రత కోసం పెట్టిన పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణాలు కార్డులు తీసుకునే ప్రతి షాపుకూ వర్తిస్తాయి, ఎంత చిన్నదైనా సరే. లావాదేవీ ఆమోదం పొందాక సీవీవీ దాచుకోవడం ఆ నిబంధనల ప్రకారం పూర్తిగా నిషిద్ధం. పేజీ వాళ్లదైతే మనం ఏటా నింపాల్సిన ప్రశ్నాపత్రం బాగా చిన్నదవుతుంది. దీనికోసం విడిగా ఫీజు వేసేవాళ్లూ ఉన్నారు, అదీ షీటులోకి ఎక్కింది.

చివరికి నెలవారీ ఫీజు, గడువు ఒప్పందం రెండూ లేని, అన్ని కార్డులకూ ఒకటే రేటున్న కంపెనీని ఎంచుకున్నాం. ప్రకటనల్లో చూస్తే వీళ్ల శాతం తక్కువేమీ కాదు. మా ఆర్డర్ల మీద వేసి చూస్తే మాత్రం వీళ్లదే చవక. సైటులో కార్డు పేమెంట్లు మొదలుపెట్టకముందే అక్క కార్డుతో ఒక నోటుబుక్కు కొని, సగం డబ్బు వాపసు ఇచ్చి, ఖాతాలో పడిన మొత్తాన్ని పైసలతో సహా షీటుతో పోల్చాం. సరిపోయింది. చిన్న ఆర్డర్లకు ఫీజు తగ్గాలని మూడు నోటుబుక్కుల సెట్టు ఒకటి పెట్టాం, అది బాగానే పోతోంది.

ఇప్పుడు ప్రతి నెలా స్టేట్‌మెంట్ రాగానే ఆ భాగహారం చేస్తాం. అమ్మకాలు పెరిగే కొద్దీ ఇంటర్‌ఛేంజ్ మీద మార్జిన్ వేసే పద్ధతి మాకు చవక అవుతుంది, ఏ మొత్తం దగ్గర మారాలో షీటులో ఎర్ర గీత గీసి పెట్టుకున్నాం. ఆ గీత దాటి కొన్ని నెలలు నిలకడగా ఉంటే, ఇప్పుడున్న వాళ్లనే ముందు రేటు తగ్గించమని అడుగుతాం. ఒప్పుకోకపోతే మారిపోతాం.