అల్లం ఘాటు కోసం నేను పడ్డ తిప్పలు

మొదటిసారి కలిపిన గ్లాసు ఒక్క గుక్కతోనే పక్కన పెట్టేశాను. పంచదార నీళ్లలో మందు పోసినట్టుంది. మా బావమరిది మర్యాదకి సగం దాకా లాగించి, "బాగానే ఉంది బావా, దగ్గు సిరప్‌లా" అన్నాడు.

టెకీలా అనే మెక్సికో మందు, జింజర్ బీర్, నిమ్మరసం, ఐస్. ఇందులో చెడగొట్టడానికి ఏముందిలే అనుకున్నాను. ఈ డ్రింక్‌ని మెక్సికన్ మ్యూల్ అంటారు. 1940లలో అమెరికాలో పేరు తెచ్చుకున్న మాస్కో మ్యూల్‌లో వోడ్కా ఉంటుంది, దాని బదులు టెకీలా పోస్తే ఇది. షేకర్ అక్కర్లేదు, గుడ్డు సొన కొట్టక్కర్లేదు. ఇంత తేలికైనదాన్ని పాడు చేశానంటే తప్పు సరుకులోనే ఉండాలి.

అక్కడే ఉంది. నేను తెచ్చింది జింజర్ ఏల్. సీసా మీద అల్లం బొమ్మ చూసి రెండూ ఒకటే అనుకున్నాను. జింజర్ ఏల్ తియ్యటి సోడా, అల్లం వాసన అలా తగిలి పోతుంది. జింజర్ బీర్ తాగితే గొంతు వెనకాల చురుక్కుమనాలి. అసలు ఇది అల్లం, పంచదార, నీళ్లు కలిపి పులియబెట్టి చేసే పానీయం. ఇప్పుడు సీసాల్లో దొరికేవాటిలో చాలావరకు పులియబెట్టకుండా గ్యాస్ ఎక్కించినవే.

రెండో తప్పు టెకీలా. నా సీసా మీద టెకీలా అని మాత్రమే ఉంది. మెక్సికో నిబంధనల ప్రకారం అలాంటిదాంట్లో కనీసం 51 శాతం చక్కెర నీలి అగావె మొక్కది ఉంటే చాలు, మిగతాది చెరకుదో ఇంకోటో కావచ్చు. మొత్తం అగావెతోనే చేస్తే లేబుల్ మీద 100% అగావె అని రాస్తారు. ఈసారి అదే తెచ్చాను, అందులోనూ బ్లాంకో రకం. పీపాల్లో పెట్టనిది, లేదా రెండు నెలల లోపే పెట్టినది. కాస్త పచ్చి వాసన, మిరియం లాంటి కారం ఉంటాయి. అల్లం పక్కన అదే సరిపోతుంది. కనీసం ఏడాది పీపాలో ఉంచిన అన్యేహో రకం తెచ్చి అల్లంలో ముంచడం, నా లెక్కలో, పట్టుచీర కట్టుకుని పొలంలోకి దిగడమే.

జింజర్ బీర్ మాత్రం ఇంట్లోనే చేద్దామని పంతం పట్టాను. అసలు కథ ఇక్కడ మొదలైంది.

ముందు జింజర్ బగ్ తయారు కావాలి. పేరుకి బగ్ గానీ, ఇది తోడు లాంటిది. వెడల్పు మూతి గాజు సీసాలో రెండు కప్పుల నీళ్లు, చెంచాడు పంచదార, చెంచాడు తొక్కతో తురిమిన అల్లం వేసి, పైన పల్చటి గుడ్డ కట్టాలి. తొక్క తీయకూడదు, మనకి కావలసిన ఈస్ట్ ఉండేది దాని మీదే. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన వేస్తుంటే మరిగించి చల్లార్చి వాడాలి, లేకపోతే ఆ ఈస్ట్ లేవదు. రోజూ ఇంకో చెంచా అల్లం, ఇంకో చెంచా పంచదార వేసి తిప్పాలి.

మూడు రోజులు ఏమీ జరగలేదు. రోజూ పొద్దున్నే సీసా దగ్గర చెవి పెట్టి వినేవాణ్ణి. నాలుగో రోజు అల్లం తురుమంతా పైకి తేలింది. ఐదో రోజు గరిట పెట్టగానే బుసబుసమని నురుగొచ్చింది, వాసన కూడా బీరు వైపు తిరిగింది. అంత సంతోషం ఈ మధ్య ఎప్పుడూ పడలేదు, ఇంట్లో ఎవరికీ అది అర్థం కాలేదు.

తర్వాత లీటరు నీళ్లలో 100 గ్రాముల పంచదార, 80 గ్రాముల అల్లం వేసి పావుగంట మరిగించాను. పూర్తిగా చల్లారాక వడకట్టి, ఒక నిమ్మకాయ పిండి, బగ్ నీళ్లు 60 మిల్లీలీటర్లు కలిపి ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో పోశాను. వేడి మీద కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఆ సంగతి తెలుసు. తెలియనిది ఇంకోటి: సీసాని మెడ దాకా నింపకూడదు, ఎండాకాలం నాలుగు రోజులు బయట వదిలేయకూడదు.

ఐదో రోజు మూత తిప్పాను. తుస్సుమంటుందనుకున్నాను, ఢామ్మంది. మూత ఎటుపోయిందో చూసేలోపే సీసాలో సగం సరుకు వంటింటి పైకప్పుని తాకి నా నెత్తిన పడింది. కళ్లలో అల్లం మంట. "ఏమండీ, ఏంటా చప్పుడు?" అని మా ఆవిడ పరిగెత్తుకొచ్చి నన్ను చూసి, మాట్లాడకుండా తుడిచే గుడ్డ చేతికిచ్చి వెళ్లిపోయింది. మూతి సన్నటి గాజు సీసా వాడి ఉంటే నా పరిస్థితి ఏమిటో తలుచుకోవడం కూడా ఇష్టం లేదు.

మిగిలిన సగం రుచి చూస్తే బుడగలున్నాయి, ఘాటు లేదు. నాకు అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. ఇంత అల్లం ఏమైంది? పచ్చి అల్లానికి కారం ఇచ్చేది జింజెరాల్. ఎక్కువసేపు మరిగిస్తే అందులో కొంత జింజరోన్‌గా మారిపోతుంది. దానికి కమ్మటి వాసన ఉంటుంది గానీ అంత మంట ఉండదు. పావుగంట మరిగించి నా కారాన్ని నేనే వదిలించుకున్నానన్నమాట.

రెండో విడతలో మరిగించేది ఐదు నిమిషాలే చేశాను. చల్లారాక పచ్చి అల్లం రసం మూడు పెద్ద చెంచాలు పిండాను. సీసాలో పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలాను. రోజుకు రెండుసార్లు సీసా నొక్కి చూసేవాణ్ణి. మొదటి రోజు వేళ్ల కింద లొట్ట పడింది. రెండో రోజు సాయంత్రానికి రాయిలా అయింది. వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేశాను. చలికి ఈస్ట్ నెమ్మదిస్తుంది, పైగా చల్లటి ద్రవంలో గ్యాస్ బాగా కరిగి ఉంటుంది. మర్నాడు సింకు మీద పట్టుకుని, మూత కొద్దికొద్దిగా వదులు చేస్తే సన్నగా ఉస్సుమంది. కళ్లు మాత్రం ముందే మూసుకున్నాను.

ఇక కలపడం. గ్లాసు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టాను. నిండా పెద్ద ఐస్ ముక్కలు వేశాను. పొడిగా దంచిన ఐస్ వేస్తే చూస్తుండగానే కరిగి నీళ్లవుతుంది. టెకీలా 45 మిల్లీలీటర్లు, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం 15. ఈ రెండింటినీ ఐస్‌తో బాగా తిప్పి చల్లబరిచాను. జింజర్ బీర్ పోశాక తిప్పితే కష్టపడి పట్టుకున్న గ్యాసంతా పోతుంది కదా. ఆ తర్వాత గ్లాసు వంచి, గోడ వెంబడి 120 మిల్లీలీటర్ల జింజర్ బీర్ జారవిడిచాను. చెంచా అడుగుదాకా దించి ఒక్కసారి పైకెత్తాను, అంతే. ఐస్ ముక్కల మధ్య నుంచి బుడగలు దారం కట్టి పైకొచ్చాయి. చాలా కొలతల్లో టెకీలా 60 దాకా ఉంటుంది. నేను తగ్గించాను. అల్లం చాటున మందు తెలియక గ్లాసులు త్వరగా ఖాళీ అవుతాయి.

రాగి మగ్గులో తాగితే ఆ అందమే వేరంటారు. లోపల స్టీల్ పూత ఉన్నదైతే పర్వాలేదు. ఉత్త రాగిలో నిమ్మరసం పోస్తే రాగి కరిగి డ్రింక్‌లోకి దిగుతుంది. నాకు గాజు గ్లాసు చాలు.

ఆ వారం బావమరిదిని మళ్లీ పిలిచాను. గ్లాసు అందుకుని, అనుమానంగా వెలుతురుకి పట్టి చూశాడు. "పురుగేది బావా? టెకీలాలో పురుగుంటుందట కదా?"

"అది మెస్కాల్ రా, అగావెతోనే చేసే ఇంకో మెక్సికో మందు. అదీ కొన్ని సీసాల్లోనే. ముందు తాగు."

తాగాడు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, గొంతు సవరించుకున్నాడు. సిరప్ మాట ఎత్తలేదు. గ్లాసు కింద పెట్టకుండానే సీసాలో ఇంకెంత ఉందని అడిగాడు.

బగ్ సీసా ఇప్పుడు ఫ్రిజ్‌లో వెనక అరలో ఉంది. వారానికోసారి అల్లం, పంచదార వేస్తున్నాను. పైకప్పు మీద మరక ఇంకా పోలేదు.