టీవీ ఫేమ్

మొన్న రాజోలు దగ్గర తీర్థంలో పాటకచ్చేరీకి వెళ్ళాను. పాడిన కుర్రాడు ఒకప్పుడు టీవీ పాటల పోటీలో మధ్యలోనే ఎలిమినేట్ అయ్యాడు. ఫ్లెక్సీ మీద ఇప్పటికీ ‘టీవీ ఫేమ్’ అనే ఉంది. (ఫోటో కూడా అప్పటిదే, జుట్టు చూస్తే తెలిసిపోతుంది!)

శ్రీరామచంద్ర గుర్తొచ్చాడు. 2010లో ఇండియన్ ఐడల్ గెలిచిన మనిషి, 2021లో బిగ్ బాస్ తెలుగు ఐదో సీజన్‌లో మళ్ళీ కంటెస్టెంటే. కప్పు కొట్టినవాళ్ళకే జనం కళ్ళల్లో ఉండటానికి ఇంత తిప్పలైతే, మధ్యలో ఇంటికొచ్చేసినవాళ్ళ సంగతి చెప్పాలా?

"మళ్ళీ ఆడిషన్‌కి వెళ్ళవా తమ్ముడూ?" అన్నాను.

"ఆయ్, ఆ ఓట్ల టెన్షన్ నా వల్ల కాదన్నయ్యా. పాట నచ్చకపోతే ఇక్కడ మొహం మీదే చెప్పేస్తారు, అదే నయం. మాఘమాసం పెళ్ళిళ్ళకి అడ్వాన్సులు కూడా తీసేసుకున్నానండి."