ముహమాలై దగ్గర ఒక కొబ్బరితోట

కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో పొద్దున్నే యాళ్‌దేవి రైలు ఎక్కితే మధ్యాహ్నానికి ఉత్తర శ్రీలంకలోని కిలినొచ్చిలో దిగొచ్చు. ఇప్పుడిది మామూలు ప్రయాణమే. కానీ 1990 తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ దారిలో జాఫ్నా దాకా రైలన్నదే లేదు. శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకీ (ఎల్‌టీటీఈ) మధ్య 2009 దాకా సాగిన యుద్ధంలో పట్టాలు పీకి బంకర్ల కప్పులకు వాడుకున్నారు. తర్వాత మన ప్రభుత్వ సంస్థ ఇర్కాన్ మళ్లీ పట్టాలు వేసింది. 2013లో కిలినొచ్చి వరకు, 2014 అక్టోబర్‌లో జాఫ్నా వరకు రైలు వచ్చింది. వవునియా దాటాక పెట్టెలో సింహళం మాటలు తగ్గి తమిళం పెరిగింది. చెన్నైలో చాలా ఏళ్లున్న దాన్ని కాబట్టి తమిళం నాకు బాగానే వచ్చు, అయినా జాఫ్నా యాస చెవికి పట్టడానికి కొంత సమయం పట్టింది.

నేను వెళ్తున్నది ఒక స్నేహితురాలి కోసం. ఆమె తమిళనాడులోని శ్రీలంక శరణార్థుల శిబిరంలో పుట్టింది. పౌరసత్వం కాగితాలు తేలక ఇంతవరకు సముద్రం దాటలేదు. అమ్మానాన్నలు పడవెక్కి వచ్చేసినా వాళ్ల పెద్దమ్మ కుటుంబం అక్కడే ఉండిపోయింది. యుద్ధం ముగిశాక చాలాకాలం జాఫ్నా పట్నంలో అద్దె గదిలో ఉండి, కొన్నేళ్ల కిందట సొంత ఊరికి, కొబ్బరితోటకి తిరిగి వెళ్లిపోయారు. "పల్లెకి పోయాక అందరూ కుదుటపడ్డాం అంటోంది అక్క. ఫోన్‌లో అలాగే చెబుతుంది కదా. నువ్వెళ్లి చూసి రా" అంది నా స్నేహితురాలు. అక్క అంటే ఆ పెద్దమ్మ కూతురు. అందుకే వెళ్లాను.

కిలినొచ్చి నుంచి ఏ9 రోడ్డు మీద ఉత్తరానికి బస్సు పట్టుకున్నాను. ఆనైయిరవు దగ్గర రోడ్డుకు రెండు వైపులా లోతులేని ఉప్పు నీళ్లు, వాటిలో పొడుగుకాళ్ల పక్షులు. ఇంగ్లీషులో ఎలిఫెంట్ పాస్ అనేది దీన్నే. జాఫ్నా ద్వీపకల్పాన్ని మిగతా దీవితో కలిపే సన్నటి మెడ ఇది. దీని కోసం 1991లోనూ, 2000లోనూ జరిగిన యుద్ధాల్లో ఎందరు పోయారో. రోడ్డు పక్కన 1991 యుద్ధంలో పులులు వాడిన బుల్డోజర్ ఒకటి స్మారకంగా ఉంది. దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నవాళ్లు కొందరు, అటు చూడకుండా కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నవాళ్లు కొందరు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్లు మూసుకుంది.

మెడ దాటాక భూమి ఇసుకగా మారింది. అంతా తాటి చెట్లు, కొబ్బరి చెట్లు. కొన్నింటికి తలల్లేవు. షెల్లు తగిలి తెగిపోయిన మొండేలు అవి. పళై దాటి ముహమాలై వైపు కొంతదూరం వెళ్లాక దిగి, అక్కడికి మోటారు సైకిల్ మీద వచ్చిన అన్న వెనక ఎక్కాను. అన్న అంటే అక్క భర్త. నా మాట కుడిచెవికి వినపడేలా చెప్పాలని ముందే చెప్పారు. ఎడమచెవి 2009లో పోయింది.

ఇంటికి వెళ్లే మట్టిదారి పక్కన ఇంకా అక్కడక్కడా పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డులు కనిపించాయి. మూడు భాషల్లో 'మందుపాతరలు, ప్రమాదం' అని. "దారి మీద నడిస్తే ఏం కాదు తంగచ్చీ (చెల్లీ), దారి దిగొద్దు" అన్నారు అన్న. మా ఊళ్లో వర్షం పడ్డప్పుడు గట్టు మీద నడవమని పిల్లలకి చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఈ చోటు గురించి కొంచెం చెప్పాలి. 2000 ఏప్రిల్‌లో ఆనైయిరవు పులుల చేతికి వచ్చాక, ఇక్కడే ముహమాలై దగ్గర రెండు సేనలూ ఎదురెదురుగా కట్టలు పోసుకుని 2009 జనవరి దాకా నిలబడ్డాయి. దాదాపు తొమ్మిదేళ్లు. అటు వాళ్లూ ఇటు వాళ్లూ పాతిన మందుపాతరల వల్ల ముహమాలై ప్రపంచంలోనే అతి పెద్ద మందుపాతర క్షేత్రాల్లో ఒకటయింది. ఊళ్లు, తోటలు, బావులు, గుళ్లు అన్నీ ఆ నేల మీదివే. ఈ కుటుంబం 2000లోనే ఇల్లు వదిలింది. ముందు కిలినొచ్చి. 2008 చివర నుంచి సేన ముందుకు వస్తున్న కొద్దీ జనంతో పాటు తూర్పుకి జరుగుతూ ధర్మపురం, విసువమడు, పుదుక్కుడియిరుప్పు, చివరికి ముళ్లివాయ్‌క్కాల్ ఇసుక ఒడ్డు. ప్రతి చోటా ముందు చేసే పని బంకర్ తవ్వుకోవడం. అక్క పెళ్లి చీరల్ని సంచులుగా కుట్టి ఇసుక నింపిందట. మే నెలలో వట్టువాగల్ వంతెన దాటి సైన్యం వైపు వచ్చారు. అక్కణ్నుంచి నిర్వాసితుల కోసం ప్రభుత్వం పెట్టిన మానిక్ ఫామ్ శిబిరం. ముళ్లకంచెల మధ్య రెండు లక్షలకు పైగా జనం. 2012 సెప్టెంబర్‌లో గానీ దాన్ని పూర్తిగా మూసెయ్యలేదు.

ఇదంతా నాకు ఒక్కసారిగా ఎవరూ చెప్పలేదు. వంట చేస్తూ కొంత, బావి దగ్గర కొంత. నేను అడిగినప్పుడు కంటే అడగనప్పుడే ఎక్కువ చెప్పారు.

ఇల్లు రెండు గదులు, ముందు వరండా. తాటాకు దడి, వెనక బావి, ఆవు, దూడ, ములగ చెట్లు. అక్క బయటికి వచ్చి "వాంగో, వాంగో" అంటూ నా సంచి లాక్కుంది. అన్నం, ములక్కాడ కూర, కొబ్బరి పచ్చడి. తర్వాత ఉడకబెట్టిన తేగలు పెట్టింది. ఆంధ్రా నుంచి వచ్చిన నాకు అవి కొత్త కాదని తెలిసి అమ్మ తెగ సంతోషించింది. అమ్మ అంటే అక్క వాళ్ల అమ్మ, నా స్నేహితురాలి పెద్దమ్మ.

పల్లెకి రావడం వల్ల ఏం మారింది అని అక్కని అడిగాను. చల్లటి గాలి, కొబ్బరిచెట్ల నీడ అని చెబుతుందనుకున్నాను. "మొదటి ఏడాది పట్నం కంటే ఇక్కడే ఎక్కువ కష్టపడ్డాం" అంది. పట్నంలో పగలూ రాత్రీ ఏదో ఒక శబ్దం ఉండేది. దీపావళికీ గుడి తిరునాళ్లకీ కాల్చే టపాకాయలకు అన్న మంచం కిందికి వెళ్లిపోయేవారు, అది నిజమే. కానీ ఇక్కడి నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది. షెల్లు పడే ముందు అలాగే ఉండేదట అంతా. రాత్రి గాలి ఆగిపోతే ముగ్గురూ లేచి కూర్చునేవారు. అబ్బాయి చెప్పులు వేసుకునే పడుకునేవాడు. 2009లో వాడికి ఆరేళ్లు. లేచి పరుగెత్తాలంటే చెప్పులు కావాలని అప్పుడు నేర్పింది అక్కే. పట్నంలోనూ మానలేదు, ఇక్కడికి వచ్చాకా చాలాకాలం మానలేదు.

"ఎప్పుడు మానాడు?" అన్నాను.

"తెలీదు. ఒకరోజు వాకిట్లో చెప్పులు కనిపించాయి. అడగలేదు నేను. అడిగితే మళ్లీ గుర్తొస్తుందేమోనని."

పల్లె మనసుని దానంతటదే నయం చేస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడికి వచ్చాక నాకు ఆ నమ్మకం పోయింది. ఈ ఇంట్లో మనుషులు కుదుటపడ్డారంటే దానికి ముందు ఎవరో ఈ నేలని వేళ్లతో వెతికారు. కాలు పెడితే పేలని నేల ఉంటేనే కదా ఆవుని తోలుకెళ్లేది, గింజ వేసేది, పిల్లవాణ్ని ఆడుకోమనేది. ఆ నేలని తయారు చేసినవాళ్లలో అక్క కూడా ఉంది.

అవును, అక్క కొన్నేళ్లు మందుపాతరలు తీసే పనికి వెళ్లింది. జాఫ్నా గదిలో ఉండగా చేరింది. ఉత్తరాన ఈ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. యుద్ధంలో భర్తలు పోయి, ఇల్లు నడపాల్సిన వాళ్లు. హాలో ట్రస్ట్ లాంటి సంస్థలు స్థానిక ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి తీసుకున్నాయి. అక్క నేల మీద మోకాళ్లేసి కూర్చుని చూపించింది. ముఖానికి దళసరి ప్లాస్టిక్ అద్దం, ఒంటికి బరువైన కవచం. ముందు మీటరు వెడల్పు వరస, పక్కన తాడు. ఇసుక నేల కాబట్టి పళ్లున్న చిన్న కర్రతో పొర తర్వాత పొర మెల్లగా ముందుకి గీకాలి. ఇక్కడి మందుపాతరలు చాలావరకు ప్లాస్టిక్‌వి, అరచేతిలో పట్టేవి. లోహం తక్కువ, అందుకే యంత్రాన్ని మాత్రమే నమ్ముకోలేరు. ఎండలో ఆ కవచంతో రోజుకి కొన్ని మీటర్లు. తీసిన చోట్ల గుర్తు కర్రలు పాతి, కొలతలు రాసి, పై అధికారి మళ్లీ చూశాకే వరస ముగిసినట్టు.

"భయం వెయ్యలేదా అక్కా?"

"ముళ్లివాయ్‌క్కాల్‌లో భయం వేసింది. అక్కడ నా చేతిలో ఏం లేదు. ఇక్కడ నా చేతిలో కర్ర ఉంది."

ఈ మాట నేను చాలాసేపు ఆలోచించాను. ఆమెకి నిద్ర పట్టడం మొదలైంది ఆ పనిలో చేరాకేనట. పల్లెకి రాకముందే. మోకాళ్లు అరిగిపోయి మానేసింది. తమ తోట ఉన్న భాగాన్ని వేరే జట్టు శుభ్రం చేసింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు అన్న ఒక్కరే వచ్చి తోటంతా చెప్పుల్లేకుండా నడిచారని చెప్పి అక్క నవ్వింది. పాత ఇంటి పునాది, తలలేని కొబ్బరి మొండేలు, పూడిన బావి తప్ప ఏమీ మిగల్లేదు. బావిని కూడా తనిఖీ చేయించాకే నీళ్లు తోడారు. అప్పుడు నాటిన కొబ్బరి మొక్కల్లో ముందున్నవి ఇప్పుడు కాపుకొచ్చాయి. మధ్యలో 2021లో రసాయన ఎరువులు నిషేధించినప్పుడు, 2022లో కిరోసిన్, డీజిల్ దొరకనప్పుడు పంపు ఆగిపోయి చేదతో తోడి మొక్కలు బతికించుకున్నారు.

అన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నాతో మాట్లాడింది ఆవు గురించే. పొద్దున పాలు పితికి, దూడని వదిలి, వేరుశనగ మడికి వెళ్లి, ఎండ ముదిరాక వచ్చి వరండాలో తాటాకు అల్లుతూ కూర్చుంటారు. ఆయన చేతులు ఆగడం నేను చూడలేదు. ఆగితే ఒణుకుతాయని అక్క చెప్పింది.

అమ్మ సంగతి వేరు. పల్లెకి రావడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఆమె చిన్నకొడుకు 2009 మేలో వంతెన దాటాక సైన్యం వేరు చేసి తీసుకెళ్లినవాళ్లలో ఉన్నాడు. మళ్లీ జాడ లేదు. తప్పిపోయినవాళ్ల కోసం పెట్టిన ప్రతి కమిషన్ ముందుకీ వెళ్లింది. అన్నింటికీ జాఫ్నా గది చిరునామా ఇచ్చింది. "వాడు వస్తే ఆ చిరునామాకే వస్తాడు, మనం లేకపోతే ఎట్లా" అని అమ్మ పట్టు. చివరికి అక్క ఆమెని వెంటబెట్టుకుని ఆఫీసులన్నీ తిరిగి కొత్త చిరునామా రాయించింది. ప్రతి చోటా రసీదు అడిగి తీసుకుంది అమ్మ. ఆ రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో, కొడుకు ఫొటోతో పాటు ఉన్నాయి. గది ఇంటి ఓనరుకి కూడా ఒక కాగితం ఇచ్చి వచ్చిందట, ఎవరైనా వస్తే చూపించమని.

కుదుటపడ్డాం అని ఫోన్‌లో చెప్పిన మాటలో అమ్మ లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఉండాలని అక్క కూడా అనుకోవడం లేదు. "అమ్మ కుదుటపడాలంటే వాళ్లు జవాబు చెప్పాలి. నేను కొబ్బరి చెట్లు మాత్రమే పెంచగలను" అంది.

నేను వెళ్లింది ఫిబ్రవరిలో. కిలినొచ్చిలో కందస్వామి గుడి దగ్గర తప్పిపోయినవాళ్ల తల్లులు 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. అమ్మ వీలైనప్పుడల్లా వెళ్తుంది. నేను తిరిగొచ్చే రోజు ఆమెతో కలిసి బస్సెక్కాను. అబ్బాయి మమ్మల్ని రోడ్డు దాకా దింపడానికి వచ్చాడు. ఇరవై దాటాడు, పొడుగ్గా, మాట తక్కువ, వాళ్ల నాన్నలాగే.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అసలు గొడవ బయటపడింది. వాడు మందుపాతరలు తీసే పనిలో చేరతానంటున్నాడు. శ్రీలంక 2017లో మందుపాతరల నిషేధ ఒప్పందంలో చేరింది, 2028 కల్లా నేలంతా శుభ్రం చేస్తామని మాటిచ్చింది. మా తోట వెనకున్న భాగం ఇంకా మిగిలే ఉంది, అది నేనే చేస్తాను అంటాడు. అక్క వద్దంటోంది. తను చేసిన పనినే కొడుకు చెయ్యకూడదంటోంది. కొలంబోలో ఏదైనా కోర్సు చదవమంటోంది. ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు తంగచ్చీ" అంది అక్క.

వాడు పగలంతా ఇంట్లో భయపడుతూ కూర్చున్న పిల్లవాడైతే నేనూ వద్దనే చెప్పేదాన్నని, ఆ పనిలో చేరాకే నీకు నిద్ర పట్టిందని నువ్వే కదా చెప్పావని అన్నాను. అక్కకి కోపం వచ్చింది. "అది నేను. నా కొడుకు వేరు" అంది. అబ్బాయి నవ్వాపుకుంటూ తల దించుకున్నాడు. అమ్మ మాత్రం బస్సు వస్తోందని కేకేసి, ఫొటో ఉన్న కవర్ చంకలో పెట్టుకుని మా అందరికంటే ముందు ఎక్కేసింది.